లాడ్జి వదిలేసిన దుప్పటి ఎందరికి కూడు పెడుతుంది?

తిరుపతి బతుకంతా యాత్రికుల రాకపోకల చుట్టూ అల్లుకున్నది. సాధారణ రోజుల్లోనే 60 వేల మందికి అటూ ఇటూగా భక్తులు శ్రీవారిని దర్శించుకుంటారు. తిరుమలలో తితిదే గదులు 7 వేలకు పైగా ఉన్నాయి. కొండ కింద శ్రీనివాసం, విష్ణునివాసం, మాధవం వంటి వసతి సముదాయాలూ, గాంధీరోడ్డు నుంచి రేణిగుంట రోడ్డు దాకా, అలిపిరి నుంచి తిరుచానూరు దాకా పరుచుకున్న ప్రైవేటు లాడ్జీలూ హోటళ్ళూ మిగిలిన జనానికి పడక చూపిస్తున్నాయి. ఇన్ని గదుల్లో పరిచిన దుప్పట్లు, దిండ్లు, పరుపులు, కర్టెన్లు, మంచాలు, సోఫాలు ఎల్లకాలం ఉండవు. అరిగినవీ, మరక పడ్డవీ, కొత్త హంగులు కోరే యజమానికి పాతబడినట్టు తోచినవీ ఒక రోజున వెనక గేటు దాటి వెళ్ళిపోతాయి. అలా వెళ్ళిపోయే సామానును బాగుచేసి, మార్చి కుట్టి, అమ్మి, ఆ పనిని ఏ ఆసరా లేని మనుషులకు జీవనాధారం చేయవచ్చుకదా అన్న ఆలోచన చాలామందికి కలుగుతుంది.

మంచి ఆలోచనే. అయితే చెత్త తగ్గించడం, పేదలకు పని కల్పించడం అనే రెండు వేర్వేరు లక్ష్యాలు ఇందులో ఒకే మూటలో కట్టి ఉన్నాయి. ఆ ముడి విప్పకుండా దిగితే రెండూ సగంలో ఆగిపోతాయి. బరువు లెక్కన చూస్తే చెత్తకుప్పకు పోయేదాంట్లో పెద్ద వాటా పరుపులదీ, చెక్క సామానుదీ. పని లెక్కన చూస్తే, అంటే కిలో సామాను మీద ఎంతసేపు మనిషి చేయి పడుతుందని చూస్తే, ముందు నిలిచేది బట్ట. కాబట్టి ఉపాధే అసలు ఉద్దేశమైనవారు బట్టతో మొదలుపెట్టాలి, ఆ బట్టను హోటలు దానంగా కాక ఒప్పందం ప్రకారం ఇచ్చేట్టు చూసుకోవాలి. ఎందుకో వివరంగా చూద్దాం.

ముందుగా, ఈ సామాను ఇప్పుడు ఎటు పోతున్నదో తెలుసుకోవాలి. హోటలు గదులకు మరమ్మతు పెట్టినప్పుడు పాత సామానునంతా ఒకేసారి గంపగుత్తగా పాతసామాన్ల వ్యాపారికి ఇచ్చేయడం మామూలు పద్ధతి. అతడు ఇనుము వేరు చేసి తూకానికి వేస్తాడు, నిలబడగలిగిన మంచాలూ బల్లలూ అమ్ముకుంటాడు, మిగిలింది వదిలేస్తాడు. చిరిగిన దుప్పట్లు కొన్ని హోటల్లోనే నేల తుడిచే గుడ్డలవుతాయి, కొన్నిటిని పనివాళ్ళు ఇంటికి తీసుకువెళతారు, కొన్ని మెకానిక్ షెడ్లలో నూనె తుడిచే వేస్టు గుడ్డగా తేలతాయి. అంటే ఈ సామాను మీద ఇప్పటికే కొందరు పేదవాళ్ళు బతుకుతున్నారు. గదులు ఊడ్చే ఆయమ్మ ఇంటికి తీసుకువెళ్ళే పాత దుప్పటిని ఒక కొత్త పథకం పేరుతో ఆమె చేతిలోంచి లాక్కోవడం న్యాయం కాదు. చెత్త ఏరుకుని బతికేవారిని పక్కకు నెట్టి వేరే పేదలకు పని ఇస్తే కొత్తగా పుట్టిన ఉపాధి ఏమీ ఉండదు. ఒకరి కూడు మరొకరి విస్తట్లోకి మారుతుంది, అంతే. పుణెలో చెత్త ఏరేవారి సంఘం నుంచి 2008లో పుట్టిన స్వచ్ఛ్ సహకార సంస్థ ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించి, ఆ పనిలో ఉన్నవారినే సభ్యులుగా చేసుకుంది. తిరుపతిలో ఎవరు ఏది మొదలుపెట్టినా మొదట కూర్చోబెట్టి మాట్లాడవలసింది పాతసామాన్ల వ్యాపారులతో, హోటళ్ళ హౌస్‌కీపింగ్ పనివారితో.

ఇప్పుడు బట్ట సంగతి. హోటళ్ళు గదికి ఒక జత దుప్పట్లతో నడవవు. ఒకటి మంచం మీద, ఒకటి చాకిరేవులో లేదా లాండ్రీలో, ఒకటి బీరువాలో, వీలైతే మరొకటి అదనంగా, ఇలా మూడు నుంచి ఐదు జతలు పెట్టుకుంటాయి. ప్రతి ఉతుకుడుకూ నూలు కొంత బలం కోల్పోతుంది. 50 గదుల హోటలు ఒకటి, గదికి పరుపు మీదిది ఒకటి, కప్పుకునేది ఒకటి చొప్పున నాలుగు జతలు పెట్టుకుందని అనుకుందాం. మొత్తం 400 దుప్పట్లు. ఒక్కొక్కటి నాలుగు రోజులకొకసారి ఉతుకుడుకు పోయి, 150 ఉతుకుల దాకా నిలుస్తుందనుకుంటే దాని ఆయుష్షు 600 రోజులు. ఈ లెక్కన ఆ హోటలు నుంచి నెలకు సుమారు 20 దుప్పట్లు బయటికి వస్తాయి. ఇలాంటి 50 హోటళ్ళను కలిపితే నెలకు 1,000. ఇవి ఊహించి వేసిన అంకెలే, హోటలును బట్టి మారతాయి. కానీ ఈ లెక్క ఒక ముఖ్యమైన విషయం చెబుతుంది: దుప్పటి నెలనెలా వస్తుంది, మంచం పదేళ్ళకొకసారి వస్తుంది. నెలజీతం మీద బతికే మనిషికి నెలనెలా వచ్చే ముడిసరుకు కావాలి.

అలా వచ్చిన దుప్పటిని బల్ల మీద పరిచి చూస్తే దాని అరుగుదలకు ఒక పద్ధతి ఉందని తెలుస్తుంది. మనిషి పడుకునే నడిమి భాగం పలచబడి, వెలుతురుకు ఎత్తి పడితే జల్లెడలా కనిపిస్తుంది. పరుపు కిందికి మడిచే అంచులు మాత్రం కొత్తవాటిలా గట్టిగా ఉంటాయి. 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవు ఉన్న దుప్పటిలో నడుమ 30 అంగుళాల పట్టీ తీసేస్తే, రెండు పక్కలా 30 అంగుళాల వెడల్పున రెండు మంచి పట్టీలు మిగులుతాయి. ఒక్కో పట్టీలో 19 అంగుళాల వెడల్పు, 62 అంగుళాల పొడవున ఒక ముక్క కత్తిరిస్తే మామూలు దిండుకు గలీబు వస్తుంది. అదే వెడల్పులో మిగిలిన 38 అంగుళాలతో ఒక చేతిసంచి కుట్టవచ్చు. పక్కన మిగిలే 11 అంగుళాల పొడవాటి పీలిక సంచి పిడికీ, నేల తుడిచే మాపు కుచ్చుకూ పనికివస్తుంది. నడిమి పలచటి పట్టీని రెండు మూడు పొరలుగా వేసి కుడితే బొంతలో లోపలి పొర అవుతుంది. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా వేసి బొంత కుట్టుకోవడం మన సీమ ఇళ్ళలో పెద్దమ్మలకూ అవ్వలకూ కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. ఊరూరా తిరిగి బొంతలు కుట్టిపెట్టే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. శిక్షణ పేరుతో బయటినుంచి ఎవరినో పిలిపించే ముందు వాళ్ళ దగ్గరికి పోవడం మేలు.

ఒక దుప్పటి నుంచి నాలుగు వస్తువులు వస్తే, వెయ్యి దుప్పట్ల నుంచి నెలకు 4,000 వస్తువులు. మిషను మీద కుట్టే మనిషి రోజుకు 40 ముక్కలు కుట్టగలదని, నెలకు 25 పనిదినాలని అనుకుంటే నలుగురు కుట్టేవారు కావాలి. కత్తిరించడానికి ఒకరు, ఏరి వేరుచేసి ఇస్త్రీ చేయడానికి ఒకరు కలిపితే ఆరుగురు. ఒక్కొక్కరికి నెలకు 12 వేలు ఇవ్వాలంటే 72 వేలు; అంటే ఒక్కో వస్తువు మీద కూలే 18 రూపాయలు పడుతుంది. దారం, కరెంటు, అద్దె, రవాణా, ఉతుకుడు వేరు. ఈ లెక్క చూసి నిరుత్సాహపడనక్కరలేదు గానీ, కళ్ళు తెరుచుకోవాలి. 50 హోటళ్ళ దుప్పట్లు ఆరు కుటుంబాలకు అన్నం పెట్టగలవు, అరవై కుటుంబాలకు పెట్టలేవు. తువ్వాళ్ళు, కర్టెన్లు, దిండు గలీబులు కలిస్తే ఈ సంఖ్య పెరుగుతుంది. వందలమందికి ఉపాధి అని వేదికల మీద చెప్పేవారిని హోటళ్ళెన్ని, దుప్పట్లెన్ని, ముక్కకు కూలెంత అని అడగాలి.

అమ్మకం దగ్గర తిరుపతికి ఒక అనుకూలత, ఒక అడ్డంకి ఉన్నాయి. 120 మైక్రాన్ల కన్నా పలచటి ప్లాస్టిక్ సంచులను 2022 చివరి నుంచి దేశమంతటా నిషేధించారు. తిరుమలలో ప్లాస్టిక్ సంచులకు చోటే లేదు. కాబట్టి గుడ్డ సంచికి ఇక్కడ గిరాకీ ఉంది. అడ్డంకి మన ఆచారంలో ఉంది. పరాయివాళ్ళు పడుకున్న పక్కబట్టతో కుట్టిన సంచిలో లడ్డూ ప్రసాదం పెట్టుకోవడానికి ఏ ఇల్లాలి మనసూ ఒప్పదు. ఎన్నిసార్లు ఉతికామని చెప్పినా ఆ పట్టింపు పోదు, దాన్ని మూఢత్వమని కొట్టిపారేయడమూ తగదు. చెప్పకుండా అమ్మడం మోసం. కాబట్టి ప్రసాదానికీ, పూజకూ, తినే వస్తువులకూ ఈ బట్టను దూరంగా ఉంచి చెప్పుల సంచులు, మురికిబట్టల సంచులు, వాహనాల తుడుపుగుడ్డలు, హోటళ్ళకే తిరిగి అమ్మే లాండ్రీ సంచులు వంటివి ఎంచుకోవాలి. చివరిది అన్నిటికన్నా మంచి మార్గమని నా అభిప్రాయం: కొనేవాడికి బట్ట ఎక్కడినుంచి వచ్చిందో ముందే తెలుసు, సరుకు ఇచ్చిన చోటే అమ్ముడవుతుంది.

శ్రీకాళహస్తి దగ్గరే ఉంది కదా, ఈ దుప్పట్ల మీద కలంకారీ వేయిస్తే మంచి ధర పలుకుతుంది కదా అని సలహా ఇచ్చేవారు ఉంటారు. హోటలు దుప్పట్లలో చాలా భాగం నూలూ పాలిస్టరూ కలిసిన నేత. కరక్కాయ, పాలలో నానబెట్టి, మొక్కల రంగులతో చేసే ఆ పని అచ్చ నూలు మీదే నిలుస్తుంది. ఏది నూలో, ఏది కాదో తెలుసుకోవడానికి పెద్ద పరికరం అక్కరలేదు. అంచునుంచి ఒక పోగు లాగి కాల్చితే నూలు కాగితం కాలిన వాసన వేసి మెత్తటి బూడిదవుతుంది; పాలిస్టరు కరిగి గట్టి నల్లటి పూసలా ముడుచుకుంటుంది. ఏరే బల్ల దగ్గర కూర్చున్న మనిషికి మొదట నేర్పవలసింది ఇదే. అచ్చ నూలుగా తేలినవీ, మరకలున్నవీ వేరు చేస్తే నగరి, పుత్తూరు మరమగ్గాల ప్రాంతంలో అద్దకం తెలిసినవారితో ముదురు రంగు వేయించుకోవచ్చు.

పరుపు దగ్గరికి వస్తే వ్యవహారం మారుతుంది. వాడిన పరుపును పరుపుగానే మళ్ళీ అమ్మకూడదని గట్టిగా చెప్పవలసి ఉంది. నల్లులు పరుపు కుట్ల మధ్య, మంచం చెక్కల సందుల్లో నెలల తరబడి తిండి లేకుండా బతకగలవు. యాత్రికులతో పాటు ఊళ్ళు మారే పురుగు అది. 50 డిగ్రీల పైన వేడి లోపలి దాకా తగిలితే గుడ్లతో సహా చస్తుంది గానీ, తిరుపతి ఎండాకాలంలో మిద్దె మీద ఆరవేసినా మందపాటి పరుపు నడుమకు ఆ వేడి చేరదు. ఒక్క పరుపు నుంచి షెడ్డంతా నల్లులు పాకితే, అక్కడ ఉన్న దుప్పట్లూ, పనివాళ్ళ ఇళ్ళూ, చివరికి కొన్నవారి ఇళ్ళూ పాడవుతాయి. పేదవాడికి ఇస్తున్నాం కదా, ఏదైనా పరవాలేదనే ధోరణి ఇక్కడ ముఖ్యంగా పనికిరాదు.

కాబట్టి పరుపును విప్పాలి. పై గుడ్డ కోసి తీస్తే లోపల సాధారణంగా రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు పలక, దానిమీద ఫోమ్, కొన్నిటిలో స్ప్రింగులు ఉంటాయి. స్ప్రింగుల ఇనుము తూకానికి పోతుంది. ఫోమ్‌ను తురిమి, జిగురుతో తిరిగి అచ్చుపోసే రీబాండెడ్ ఫోమ్ పరిశ్రమ ఉంది. వారికి శుభ్రమైన, పొడి ఫోమ్ బస్తాల లెక్కన అమ్మవచ్చు. పీచు పలకలను సోఫా అడుగుకూ, గాజు సామాను తరలించేటప్పుడు మధ్యన పెట్టడానికీ కోసి వాడుకోవచ్చు. పాత లాడ్జీల్లో అక్కడక్కడా మిగిలిన దూది పరుపులకైతే దారి మన దగ్గరే ఉంది. దూది ఏకి, తిరిగి పరుపులు దిండ్లు కుట్టే పని రాయలసీమలో దూదేకులవారు తరతరాలుగా చేస్తున్నారు. ఫోమ్ పరుపులు వచ్చాక ఆ వృత్తి దెబ్బతిన్నది, పనితనం మాత్రం ఇంకా ఉంది. ఇక పరుపులను ఊరి బయట తగలబెట్టడం ఏ పరిస్థితిలోనూ జరగకూడదు. ఆ ఫోమ్ పాలీయూరిథేన్. కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది, అది ప్రాణాంతకం.

ఈ విప్పే పనిలో దుమ్ము ఎక్కువ, కూలి తక్కువ, అలవాటైన చేతికి ఒక పరుపు కొద్దిసేపట్లో అయిపోతుంది. అందుకే చెత్త తగ్గించడంలో పరుపు ముందు ఉన్నా, ఉపాధిలో వెనక ఉంటుంది. ఆ ఖర్చు అమ్మకంతో తీరదు కాబట్టి పరుపు తీసుకువెళ్ళినందుకు హోటలే రుసుము చెల్లించాలి. ఘన వ్యర్థాలపై 2016లో వచ్చిన కేంద్ర నిబంధనలే రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త పుట్టించే సంస్థలను ప్రత్యేకంగా గుర్తించి, ఎక్కడి చెత్తను అక్కడే వేరుచేసే బాధ్యత వాటి మీద పెట్టాయి. హోటళ్ళ పేరు కూడా అందులో విడిగా ఉంది. కాబట్టి రుసుము అడగడం యాచన కాదు.

చెక్క సామాను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాత లాడ్జీల టేకు మంచం, బల్ల దొరికితే అదృష్టం. చిత్రిక పట్టి మెరుగు వేస్తే మరో తరం నిలుస్తుంది. కొత్త హోటళ్ళలో ఎక్కువగా కనిపించే పొట్టుచెక్క (పార్టికల్ బోర్డు) బీరువాలూ అలమరలూ ఒకసారి విప్పితే అదే చోట మరలు మళ్ళీ పట్టవు, తడి తగిలితే ఉబ్బుతాయి. వాటిని విప్పకుండా ఉన్నవి ఉన్నట్టు తరలించగలిగితేనే విలువ. గిరాకీ మాత్రం ఊళ్ళోనే ఉంది. 1954లో వచ్చిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, వాటి చుట్టూ పెరిగిన కళాశాలల వల్ల గదులు అద్దెకు తీసుకునే పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్ళకు చదువుకునే బల్ల, కుర్చీ, ఒంటి మంచం తక్కువ ధరకు కావాలి.

ఇక మనుషుల సంగతి. ఆసరా లేనివారు అనే ఒక్క మాట కింద ఎన్నో రకాల బతుకులు ఉన్నాయి, అందరికీ ఒకే పని సరిపోదు. కుష్ఠు నయమైనవారిలో కొందరికి చేతివేళ్ళకు స్పర్శ పోయి ఉంటుంది. సూది గుచ్చుకున్నా, ఇస్త్రీపెట్టె కాలినా వెంటనే తెలియదు, చిన్న గాయమే పుండవుతుంది. వారికి కుట్టుపని, ఇస్త్రీపని ఇవ్వడం హాని చేయడమే. లెక్క చూడడం, మడతపెట్టడం, అంగట్లో కూర్చుని అమ్మడం ఇవ్వాలి. చూపు లేనివారు కుర్చీలకు కేను, వైరు అల్లడంలో మన దేశంలో ఎంతోకాలంగా ఉన్నారు. తువ్వాలు గుడ్డను, దుప్పటి గుడ్డను, కర్టెను గుడ్డను చేత్తో తడిమి వేరుచేయడం వారికి కష్టం కాదు. వినికిడి లేనివారు కుట్టుమిషను దగ్గర ఎవరికీ తీసిపోరు. గుడి చుట్టుపక్కల చేయిచాచి బతికే వృద్ధురాలికి ఎనిమిది గంటల పని చేతకాదు గానీ, నీడపట్టున కూర్చుని కుట్లు విప్పే పని రెండు పూటల మధ్య చేయగలదు. భిక్షాటన చేసేవారికి పునరావాసం కోసం కేంద్రం 2022లో తెచ్చిన స్మైల్ పథకం యాత్రాస్థలాల మీద కూడా దృష్టి పెట్టింది. అలాంటి పథకాలు వసతి, గుర్తింపు పత్రాలు చూసిపెడితే, పని ఇక్కడ దొరకాలి.

కూలి ఇచ్చే పద్ధతి దగ్గర చాలా మంచి ప్రయత్నాలు దెబ్బతింటాయి. ముక్కకు ఇంత అని ఇస్తే చురుకైనవారు బాగుపడతారు, ఎవరికోసం మొదలుపెట్టామో వారు వెనకబడతారు. నెలజీతమే అంటే, రేపటి బియ్యానికి ఈరోజు డబ్బు కావలసిన మనిషి మొదటి నెల దాటలేక వెళ్ళిపోతుంది. మొదటి రెండు మూడు నెలలు రోజుకూలి ఇచ్చి, ఆ తరవాత వారానికి, ఆపైన నెలకు మార్చడం అనుభవంలో నిలిచే మార్గం. మరో భయం పింఛనుది. రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలైంది. ఉద్యోగం అని కాగితం మీద పడితే అది ఆగిపోతుందేమోనన్న దిగులుతో పని వద్దనేవారు ఉంటారు. ఆ దిగులు న్యాయమైనదే. పనిలో చేర్చుకునే ముందే సచివాలయంలో కుటుంబ ఆదాయ పరిమితి కనుక్కుని, వచ్చే కూలి దానికి ఎంత దూరంలో ఉందో ఆ కుటుంబానికి విడమరిచి చెప్పడం నడిపేవారి బాధ్యత.

ఇలాంటి పని చేసి నిలిచిన సంస్థలు లోకంలో ఉన్నాయి. ఫ్రాన్సులో అబ్బే పియర్ అనే క్రైస్తవ మతగురువు 1949లో మొదలుపెట్టిన ఎమ్మావుస్‌లో, నిలువ నీడ లేనివారే ఇళ్ళనుంచి పాత సామాను సేకరించి, బాగుచేసి, అమ్మి, ఆ ఆదాయంతో కలిసి బతుకుతారు. మన దేశంలో 1999లో పుట్టిన గూంజ్, పాత బట్టను ఊరికే పంచకుండా, గ్రామస్థులు తమ ఊరికోసం చేసుకున్న పనికి ప్రతిఫలంగా ఇచ్చే పద్ధతి తెచ్చింది. ఈ రెండింటినుంచీ నేర్చుకోవలసింది ఒకటే: వచ్చిన సామానును చేయెత్తి దణ్ణం పెట్టి తీసుకోవడం కాక, ఏది తీసుకోవాలో, ఏది వద్దనాలో నిర్ణయించే హక్కు పనిచేసేవారి దగ్గర ఉండాలి.

తిరుపతిలో ఆ హక్కు ఎలా వస్తుంది? ఊళ్ళోని అతిపెద్ద వసతిదారు తితిదే వాడిన సామగ్రిని వేలంలో అమ్మే సంస్థ. ధరావతు కట్టి పోటీపడే శక్తి ఆరుగురు ఆడవాళ్ళ పొదుపు సంఘానికి ఉండదు. పట్టణాల్లో పొదుపు సంఘాలను చూసే మెప్మా సమాఖ్య స్థాయిలో వేలానికి వెళ్ళగలిగితే దారి తెరుచుకుంటుంది. ప్రైవేటు హోటళ్ళకు పన్ను చిక్కు కూడా ఉంది. జీఎస్టీ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉచితంగా ఇచ్చేసిన, రాసిపారేసిన వస్తువులపై ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తరవాత కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకునే వెసులుబాటు, నిలవదు. క్రెడిట్ తీసుకునే పెద్ద హోటలు అకౌంటెంటు దానం అనగానే వెనకాడడానికి ఇదొక కారణం. తక్కువ ధరకైనా బిల్లు వేసి అమ్మితే అతడికీ సులువు, సంఘానికీ గౌరవం.

ఆ బిల్లు వెనక ఒప్పందంలో నాలుగు మాటలు స్పష్టంగా ఉండాలి. దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికి, ఆరబెట్టి, మూటకట్టి నెలలో ఫలానా తేదీన ఇవ్వాలి. తడి మూట వస్తే బూజు పట్టి మొత్తం పోతుంది. పరుపుకు ఇంత అని హోటలు రుసుము కట్టాలి. గదుల మరమ్మతు ఎప్పుడు పెట్టుకున్నా నెల ముందు కబురు చేయాలి, ఎందుకంటే బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవుల రద్దీ లేని వారాలు చూసుకుని హోటళ్ళన్నీ దాదాపు ఒకేసారి గదులు విప్పుతాయి. అప్పుడు వచ్చిపడే మంచాలకు షెడ్డులో చోటు ముందే చూసుకోవాలి. హోటలుకు కావలసిన లాండ్రీ సంచులు, తుడుపుగుడ్డలు ఇదే సంఘం దగ్గర కొనాలి. మొదట ఐదారు హోటళ్ళతో, ఒక అద్దె గదిలో రెండు మిషన్లతో మొదలుపెట్టి, మూడు నెలల జీతాల చిట్టా చూసుకున్నాకే ఏడో హోటలు తలుపు తట్టవచ్చు.